మద్యమదము, అధికారమదము

సంస్కృతమున మదమను శబ్దమునకు మత్తనియు, గర్వమనియు రెండర్థములు కలవు. మన పెద్దలు దానిని అరిషడ్వర్గమున చేర్చినపుడు కల్లు త్రాగినవానిని మాత్రమే తలచి యుండరు. బలమో, ధనమో, అధికారమో తలకెక్కి తన్ను తాను మరచినవాడును మత్తుడే. త్రాగి వాహనము నడపువానిని పోలీసువారు రాత్రివేళ రహదారిపై పట్టుకొనునప్పుడు ఈ రెండు మదములును ఎదురుపడుటకు అవకాశము కలదు. మొదటిదానిని అణచుటకై రెండవదానిని విచ్చలవిడిగ వదలవచ్చునా యనునదియే ఇప్పటి ప్రశ్న.

మొదటి మదమువలని కీడు చిన్నది కాదు. 2025వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచున్న ఒక బస్సు, అంతకుముందే దారిలో పడియున్న మోటారుసైకిలును ఈడ్చుకొనిపోగా మంటలు రేగి 19 మంది ప్రయాణికులు ఆహుతియైరి. ఆ మోటారుసైకిలు నడుపుచు పడి మరణించిన యువకుడు త్రాగియుండెనని పరీక్షలో తేలినట్లు పోలీసువారు ప్రకటించిరి. బస్సులోని లోపములు వేరుగ విచారింపదగినవే. అయినను, త్రాగుట తన సొంత విషయమని చెప్పువాడు బండి యెక్కిన క్షణముననే ఆ మాట చెప్పు హక్కును కోల్పోవుచున్నాడనుటకు వేరు నిదర్శనము వలదు. రాత్రింబవళ్లు యాత్రికుల వాహనములు సాగు తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారికి ఇది పరాయివార్త కాదు.

ఇట్టివారికై 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 185వ సెక్షను కలదు. 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలున్నచో నేరము. 2019వ సంవత్సరపు సవరణ ననుసరించి మొదటి నేరమునకు ఆరు నెలలవరకు ఖైదు గాని, 10,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. తగిన కారణము లేక శ్వాసపరీక్షకు నిరాకరించినచో ఆ నిరాకరణమే అభియోగమునకు బలముగా నెంచబడవచ్చును. కావున చట్టము మెత్తనిది కాదు.

అయితే ఆ చట్టమే పోలీసు ఉద్యోగికిని కట్టుబాట్లు విధించినది. అతడు యూనిఫారము ధరించి యుండవలెను. శ్వాసపరీక్ష కోరుటకు తగిన అనుమానకారణ ముండవలెను. నిర్బంధించినచో రెండు గంటలలోపల వైద్యపరీక్ష జరిపింపవలెను, లేనిచో విడిచిపెట్టవలెను. నిర్బంధమునకు కారణమేమో తెలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణము శాసించుచున్నది.

“త్రాగుబోతున కిన్ని మర్యాదలా?” అని పాఠకులు అడుగవచ్చును. మేమును ఒకప్పుడట్లే అడిగినవారమే. కాని పరీక్ష జరుగువరకు త్రాగుబోతెవడో తెలియుటెట్లు? తడబడు నడక జ్వరమువలన కావచ్చును. ఎఱ్ఱని కన్నులు నిద్రలేమివలన కావచ్చును. దోషిని నిర్దోషినుండి వేరుచేయుటకే పరీక్ష యున్నది. దానిని దోషికి చూపిన దయగా నెంచుట పొరపాటు.

ఈ సంగతి మాకు పుస్తకమువలన గాక మా తప్పువలన తెలిసినది. కొన్ని యేండ్లక్రిందట ఒక రాత్రి పొరుగింటి పెద్దమనిషి మా గుమ్మమున నిలిచి, “అయ్యవారూ, మావాణ్ణి పోలీసులు పట్టుకున్నారంట. ఆ యెస్సై మీ శిష్యుడే గదా, ఒక్క మాట చెప్పండి” అని బ్రతిమాలెను. కొడుకు త్రాగియుండెనని అతడే ఒప్పుకొనెను. మేము ఫోను చేసితిమి. అర్ధగంటలో పిల్లవాడు ఇల్లు చేరెను. శిష్యుడు గురువు మాట మన్నించెనని లోలోపల గర్వించితిమి కూడ. మరునాడు తెలిసినదేమనగా, అదే చోట అదే వేళ నిలుపబడిన యొక ఆటో నడపువానికి ఫోను చేయువారెవరును లేకపోయిరి. పరీక్షయే లేక అతనిని తెల్లవారువరకు కూర్చుండబెట్టిరి. ఆటోను పలుదినములు విడువలేదు.

ఒకడు పరీక్ష లేకయే విడువబడెను. మరియొకడు పరీక్ష లేకయే నిలుపబడెను. రెండును ఒకే కట్టుబాటును మీరుటయే. విధివిధానము తొలగినచోట లాభపడువాడు పలుకుబడి గలవాడు, నష్టపడువాడు దిక్కులేనివాడు. ఆ రాత్రి అక్కడ మూడవ మదమొకటి యుండెను. అది మర్యాదస్థులమను మా మదము.

వాహనమును గూర్చి 2021వ సంవత్సరమున తెలంగాణ ఉన్నతన్యాయస్థానము చెప్పిన తీర్పు ఇచట స్మరింపదగినది. త్రాగినవానిని బండి నడపనీయరాదు. కాని ఆ మిషతో బండిని స్వాధీనపరచుకొనుటకు పోలీసువారికి అధికారము లేదు. వెంట త్రాగనివాడు, లైసెన్సు గలవాడు ఉన్నచో అతని కీయవలెను. లేనిచో బంధువునో స్నేహితునో పిలిపింపవలెను. ఎవరును రానిచో స్టేషనున భద్రపరచి, తగిన పత్రములు చూపినపుడు తిరిగి యీయవలెను. మన రాష్ట్రపు న్యాయస్థానములను ఆ తీర్పు నిర్బంధింపకున్నను, అందలి వివేకము ఆదరణీయము. త్రాగినవానిని ఆపుట రక్షణ. పరీక్షయైన లేక ఆటోవాని కుటుంబపు కూడు ఆపుట రక్షణ కాదు.

బండి నడపువాడు తన చేతనున్న యంత్రమునకు లోబడక దానిని అదుపులో నుంచవలెను. అధికారము చేతనున్నవాడును అట్లే చేయవలెను. మనవంటి గృహస్థులు తమ పలుకుబడినిగూడ ఆ లెక్కలోనే చేర్చుకొనవలెను. నిగ్రహమనునది ఒకరికి నేర్పి తాము మానుకొనదగిన పాఠము కాదు.

ఆ పిల్లవాడు ఇప్పటికిని మా వీధిలో మోటారుసైకిలు నడుపుచున్నాడు. చిన్నటేకూరు వార్త చదివిన దినమున, ఆ చప్పుడు మా గుమ్మము దాటి పోవువరకు మేము తల యెత్తలేకపోతిమి. మరల అట్టి పిలుపు వచ్చినచో స్టేషనుకు తప్పక పోవుదుము. బండి తెచ్చుటకు త్రాగని మనిషిని వెంటబెట్టుకొని పోవుదుము. సిఫారసు చేయము; పరీక్ష చట్టప్రకారము జరుపుడని కోరుదుము. ప్రక్కబల్లపై ఎవరును రాక కూర్చున్నవానికిని అట్లే జరుపుడని కోరుదుము.