లెక్కలో వేగము, లెక్కలో సత్యము

వ్యాపారి లెక్కకు రెండు గుణములు ఉండవలెను. అది నిజము కావలెను, వేళకు అందవలెను. సంత ముగిసిన తరువాత వచ్చిన లెక్క నిజమైనను కొరగాదు. వేళకు వచ్చిన తప్పు లెక్క అంతకంటె హాని. నాందేడు మోండాలో పత్తి, సోయా, పసుపు తూచి బిల్లు వ్రాయు పనిలో నేడు కంప్యూటరు ప్రవేశించినది. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వైపుల నుండి వచ్చు రైతు తెలుగువాడైనను, మరాఠీవాడైనను ఎదుటి అంకెను నమ్మవలసినదే గాని లోపలి లెక్కను చూడలేడు. కావున ఆ లెక్కను యంత్రమునకు నేర్పినవాని బాధ్యత పూర్వపు గుమాస్తా బాధ్యత కంటె పెద్దది. వేగము కొరకు సత్యమును కొంత వదలుకొనవచ్చునా? సత్యము కావలెనన్న వేగమును వదలుకొనక తప్పదా?

పది లక్షల పేర్లు అక్షరక్రమమున వ్రాసిన ఖాతా ఒకటి ఉన్నదనుకొందము. మొదటి నుండి వెదకినచో పది లక్షల సార్లు చూడవలసి రావచ్చును. నడుమ తెరచి, కావలసిన పేరు ముందున్నదో వెనుకనున్నదో చూచి, అక్కరలేని సగమును విడిచి, మిగిలినదానిలో మరల నడుమ తెరచుచు పోయినచో 20 చూపులలో పని ముగియును. ఇది తప్పదని ఎట్లు తెలియును? పేరు ఖాతాలో ఉన్నచో అది ఎల్లప్పుడును వెదకువాని రెండు వ్రేళ్ల మధ్యనే ఉండును. ఆ మధ్యభాగము ప్రతి పర్యాయము తరుగుచుండును. ఈ రెండు మాటలే దానికి నిరూపణము. ఇచ్చట వేగము సత్యమునకు శత్రువు కాదు. ఖాతా క్రమము తప్పలేదు గనుకనే వేగము కలిగినది.

జాన్ బెంట్లీ అను అమెరికా పండితుడు 1986లో వెలువడిన "ప్రోగ్రామింగ్ పెర్ల్స్" అను గ్రంథములో ఈ పద్ధతిని నిరూపించి చూపెను. అయినను అందులో దాగిన దోషమును 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టెను. జావా భాషలోని ప్రోగ్రాములో ఆ దోషమే సుమారు తొమ్మిదేండ్లు ఉండెను. నడుమ స్థానము కొరకు రెండు కొనల సంఖ్యలను కూడి సగము చేయుదురు. ఆ కూడికను వ్రాయు గడిలో 2,147,483,647 కంటె పెద్ద అంకె పట్టదు. మించినచో అది ఋణసంఖ్యగా మారును. జాబితా నూరు కోట్ల లోపు ఉన్నంతకాలము ఈ దోషము కనపడదు. కాగితము మీద సంఖ్యకు హద్దు లేదు, యంత్రములో కలదు. నిరూపణములో ఆ హద్దు లెక్కకు రాలేదు. మందు సులభమే. చిన్న సంఖ్యకు రెండింటి తేడాలో సగము కలిపిన చాలును, వేగము తరుగదు.

హద్దును మరచుట ఒకటి; తెలిసి కాపలా తీసివేయుట మరియొకటి. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్-5 రాకెట్టు ఎగిరిన సుమారు 40 సెకనులలో నాశనమయ్యెను. పెద్ద సంఖ్యను చిన్న గడిలో ఉంచబోగా లెక్క ఆగిపోయినది. అట్టి చోట్ల కాపలా పెట్టు వీలున్నను, యంత్రముపై భారము పెరుగకుండ కొన్ని సంఖ్యలకు దానిని విడిచిరి. ఏరియన్-4 విషయమున వారి తర్కము సరియే. కొత్త రాకెట్టు నడక వేరు. తర్కము మాత్రము పాతది. అట్టి వేగము సంపాదించినది కాదు, అప్పు తెచ్చినది.

ఈ ప్రాంతమునకు ఇది కొత్త విషయము కాదు. నాందేడు జిల్లాలోని కంధార్ రాష్ట్రకూటుల పట్టణము. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున జైనుడైన మహావీరాచార్యులు "గణితసారసంగ్రహము" రచించిరి. తరువాత పావులూరి మల్లన దానిని తెనుగు చేసెను. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని ఆచార్యులు తాము వాడు సంఖ్యలకు హద్దు గీసిరి. అదే గ్రంథములో సున్నతో భాగించిన సంఖ్య మారదనిరి. దానిని నేటి గణితము అంగీకరింపదు. హద్దు చూచిన చోట సూత్రము నిలిచినది, చూడనిచోట నిలువలేదు. అంతటి పండితునికే ఇట్లయినప్పుడు ఇతరులెంత జాగ్రత్త పడవలెను!

స్యాద్వాదమును సందేహమని కొందరు అనుకొందురు. అది సందేహము కాదు. ఏ దృష్టితో, ఏ నియమమునకు లోబడి మాట నిజమగునో చెప్పు కట్టుబాటు. నిరూపణమునకు కూడ అదియే ప్రాణము. తక్కువ ఎక్కువ తూకములు అస్తేయ వ్రతమునకు అతిచారములని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. హద్దు దాచి "ఇది నిరూపితము" అని అమ్మిన ప్రోగ్రాము కూడ అట్టి తూకమే.

రెండును కలిపి సాధింపవచ్చునా? సాధించినవారు కలరు. కంప్యూటరును నడుపు మూలప్రోగ్రాములలో ఎస్‌ఈఎల్‌4 అనుదానికి 2009లో ఆస్ట్రేలియాలో నిరూపణము పూర్తి చేసిరి. ప్రోగ్రాము సుమారు 8,700 పంక్తులు. నిరూపణము సుమారు 2 లక్షల పంక్తులు. వేగమున అది తన జాతివానికి తీసిపోలేదు. యంత్రము సరిగా పనిచేయును మొదలైన విషయములను తాము నిరూపింపక నమ్మి తీసికొన్నట్లు కూడ వారు ప్రకటించిరి. ఇదియే వారి గొప్పతనము.

దుకాణపు బిల్లుకు అంత శ్రమ ఎవరును పడలేరు. కాని హద్దును వ్రాయుటకు ఖర్చు లేదు. ప్రోగ్రాము కొనునపుడు వ్యాపారి "ఎంత వేగము?" అని మాత్రమే అడిగిన చాలదు. "ఎంతవరకు నిజము? ఆ హద్దు దాటినచో ఏమగును?" అని అడుగవలెను. హద్దు దాటినప్పుడు తప్పు అంకె చూపుటకంటె ఆగి హెచ్చరించు యంత్రమే మేలు. ఆ రెండు క్షణముల ఆలస్యము నష్టము కాదు. తక్కెడ ముల్లు నిలుచు వరకు ఆగుట వంటిదే.