తిరిగి ఇవ్వనక్కర్లేని గుర్తింపు

1912లో జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు తయారైంది. అక్కడి కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చాయి. టాటానగర్ స్టేషన్ పక్కనే ఉన్న మన జుగ్సలాయిలో ఆ కర్మాగారపు గేటు పాసు విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. దాని మీద ఫొటో, నంబరు ఉంటాయి. రిటైరైన రోజున తిరిగి ఇచ్చేయాలి. మరి ఆ సాయంత్రం నుంచి ఆ మనిషి ఎవరు?

ఈ ప్రశ్నకు బైబిల్లో అపొస్తలుడైన పేతురు మొదటి పత్రికలో జవాబుంది. ఆయన దాన్ని రాసింది కూడా పరవాసులకే. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితునియల్లో చెదిరిపోయిన విశ్వాసులకు. లోకం చులకన చేసినవాళ్లను దేవుడు ఏరుకున్న జనమన్నాడు, యాజకులన్నాడు. ఆ గుర్తింపు ఇచ్చినవాడు దేవుడు గనుక దాన్ని ఏ అధికారీ రద్దు చేయలేడు. పాలకులను గౌరవించమన్నాడు, భయభక్తులు మాత్రం దేవుని పట్లనే. అదే పత్రికలో ఇళ్లలో చాకిరీ చేసే దాసులనూ నేరుగా పలకరించాడు.