కెమెరా ఏ ఎత్తున ఉంది?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. దాని సంఘాల్లోని దళిత స్త్రీలు వీడియో తీయడం నేర్చుకుని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వారిలో బడి ముఖం చూడనివారూ ఉన్నారు. బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల గోడును 2003లో సినిమాగా తీశారు.

కెమెరా కోణాలకు వాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందనుంచి పైకి చూస్తే, అది దొర ముందు నిలబడ్డ జీతగాడి చూపు. ఎదురెదురుగా కూర్చుని చూస్తే సంఘం షాట్.

ఈ మాటలతో మన జిల్లాను చూద్దాం. కొల్లేటి మీద డ్రోన్ ఎగరేస్తే చేపల చెరువులు అద్దాల్లా మెరుస్తాయి. కూలికి వల లాగే మనిషి మాత్రం కనపడడు. 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు ఎవరి కూలి పోయిందో ఆ ఎత్తునుంచి తెలియదు. కుక్కునూరు, వేలేరుపాడు వైపు పోలవరం ముంపు ఊళ్లకు వచ్చే కెమెరాలు కన్నీళ్లూ కొమ్ము నృత్యమూ తీసుకుని వెళ్లిపోతే, ఆ ఊరికి మిగిలేదేమిటి?

మరి మనవాడే కెమెరా పడితే చాలా? చాలదు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో చదువుతూ సెలవులకు వచ్చిన కుర్రవాడు కూడా లైకుల కోసం అమ్మమ్మ చేత ఆడించగలడు. పుట్టుక ఒక్కటే చూపును సరిచేయదు. అడిగి తీయాలి. తీసింది ముందు వాళ్లకే చూపించాలి. తీసేయమంటే వినాలి. కెమెరా ఇవ్వడం సంస్థ చేసే సగం సాయమే. తీసినదాన్ని చూసి నిలదీసే నలుగురిని కూడగట్టడం మిగతా సగం.

ఇక్కడే చిక్కుంది. తాగుడు గురించి, ఆడవాళ్లు తినే దెబ్బల గురించి తీస్తే, ఊరి పరువు పోతుంది తీసేయమని పెద్దలంటారు. అందుకు తలూపితే మన సంఘమే పటేలవుతుంది. పస్తాపూర్ సంఘం అందరికంటే అడుగున ఉన్న ఆడవాళ్లది అని మరవకూడదు. దెబ్బ తిన్న మనిషి వద్దంటే ఆపాలి. కొట్టినవాడు వద్దంటే ఆపనక్కర్లేదు.

మాస్టార్లూ, పిల్లల చేతికి ఫోను ఇచ్చి సినిమా తీయమనేటప్పుడు ముందు ఈ ఒక్క తేడా నేర్పండి. తీసిన సినిమా మొదటి ఆట మాత్రం ఆ ఊరి బడిగోడ మీదే పడాలి.