ఎవరి ప్రాణం ఎవరికి పాఠం?



సముద్రం మీదుగా వెళ్లి శత్రువు ఒడ్డున సైన్యాన్ని దించడం యుద్ధంలో అతి కష్టమైన పని. దిగినవానికి వెనుక నీళ్లు, ముందు తుపాకులు. దాగుదామంటే చాటు లేదు, పారిపోదామంటే దారి లేదు.

1942 ఆగస్టు 19న మిత్రరాజ్యాలు ఫ్రాన్సులోని డియెప్ రేవుపై ఇలాంటి దాడి చేశాయి. పాల్గొన్న సుమారు 6,000 మంది సైనికులలో దాదాపు 5,000 మంది కెనడా వారు. ముందుగా భారీ బాంబుదాడి జరగలేదు. టాంకులు కొన్ని తీరంలోని గులకరాళ్లలోనే చిక్కుకుపోయాయి. మధ్యాహ్నానికల్లా అంతా ముగిసింది. కెనడా వారే 900 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

1944 జూన్ 6న నార్మండీలో మాత్రం మిత్రసేనలు నిలదొక్కుకున్నాయి. ఈసారి రేవు పట్టణం జోలికి పోకుండా ఇసుక తీరాలను ఎంచుకున్నాయి. తరువాత కృత్రిమ రేవులను తెచ్చి నిలిపాయి. “డియెప్ పాఠమే నార్మండీలో ఎందరినో కాపాడింది” అని అప్పటినుండి చాలామంది చెబుతూ వచ్చారు.

ఈ మాటతో మన మనస్సాక్షి ఊరుకోవచ్చునా? పాఠం నేర్చుకున్న మాట కొంతవరకు నిజమే కావచ్చు. కాని నేర్చుకున్నవారు వేరు, వెల చెల్లించినవారు వేరు. జరిగిన నష్టం నుండి మంచిని ఏరుకోవడం వివేకం. ఆ మంచిని చూపి నష్టమే న్యాయమనడం అన్యాయం. చనిపోయిన సైనికుడు ఎవరి చదువుకూ కట్టిన ఫీజు కాడు. అతడు ఒక తల్లి బిడ్డ.

నార్మండీ దాడికి ముందు సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఒక చిన్న చీటీ రాసి దగ్గర ఉంచుకున్నారు. దాడి విఫలమైతే తప్పు తనదేనని అందులో ఉంది. దానిని బయటపెట్టే అవసరం రాలేదు. అయినా, ఆజ్ఞ ఇచ్చేవాడు ముందుగానే రాసిపెట్టుకోవలసిన చీటీ అది.

అలాంటి దాడుల కోసం కట్టిన ఓడలు నేడు ఇతర పనులూ చేస్తున్నాయి. విశాఖపట్నం స్థావరంగా ఉన్న ఐ.ఎన్.ఎస్. జలాశ్వ 2020 మే నెలలో, కరోనా కాలంలో, మాల్దీవుల నుండి 698 మంది మనవారిని కొచ్చికి చేర్చింది. సైనికులను మృత్యువు ముంగిట దించగల ఓడే మనుషులను ఇంటికీ చేర్చగలదు. మంచిచెడ్డలు ఓడలో లేవు, పంపేవారి నిర్ణయంలో ఉన్నాయి.

మన ఇళ్లలోనూ అంతే. పెద్దలు అప్పులపాలై, ఆడపిల్ల చదువు మాన్పించి, ఆపైన “పోనీలే, బుద్ధి వచ్చింది” అనుకునే ఇళ్లు లేవా? బుద్ధి వచ్చింది తండ్రికి, బడి పోయింది బిడ్డకు. ముందు ఆ బిడ్డకు జవాబు చెప్పాలి. పాఠం సంగతి ఆ తరువాత.