నాణెము చెల్లనినాడు వర్తకుని ధర్మము

రాజ్యము నిలకడగా ఉండి, నాణెము చెల్లుచున్నప్పుడు సరిగా తూచుట గొప్ప కాదు. ఆ రెండును పోయినప్పుడే వర్తకునికి అసలు పరీక్ష.

1945లో జర్మనీ యుద్ధమున ఓడిపోయినది. చేతినిండ నోట్లున్నను సరుకు దొరకలేదు. సిగరెట్లే నాణెములుగా చెలామణి అయినవి. పట్టణవాసులు తివాచీలు, నగలు మోసుకొనిపోయి పల్లెలలో బంగాళాదుంపలు తెచ్చుకొనిరి. 1948 జూన్ 20న పశ్చిమ జర్మనీ ప్రాంతమున కొత్త మార్కు వచ్చినది. మరునాడే అంగళ్లు సరుకుతో నిండినవి. అది రాత్రికి రాత్రి పండిన సరుకు కాదు, దాచిన సరుకు.

దాచినవారి వాదమును కూడ వినవలెను. చెల్లని కాగితమునకు సరుకిచ్చినచో మరల కొనుటకు పెట్టుబడి ఎక్కడిది? నిజమే. సరుకునకు సరుకు అడుగుట దోషము కాదు. మరి దోషమెక్కడ?

తత్త్వార్థసూత్రము అచౌర్యవ్రతమునకు ఐదు అతిచారములు చెప్పినది. దొంగసొత్తు కొనుట, తప్పుడు తూకము, కల్తీ మనవారందరు ఎరిగినవే. విరుద్ధరాజ్యాతిక్రమము కూడ వాటిలో ఒకటి. రాజ్యము కలతపడిన వేళ విలువైన వస్తువులను కారుచౌకగా చేజిక్కించుకొన యత్నించుటయే అది యని పూజ్యపాదస్వామి సర్వార్థసిద్ధిలో వివరించినారు. ఆకలిగొన్నవాడు నగను తానుగా ఇచ్చినను, బుట్టెడు దుంపలకు దానిని పుచ్చుకొనుట వ్రతభంగమునకు దగ్గర.

కావున అట్టి వేళ వస్తువునకు నిన్నటి విలువనే ఎంచి, ఇచ్చినది పోగా మిగిలినది బాకీగా పద్దు వ్రాయవలెను. రాజముద్ర లేని దినమున చెల్లవలసినది ఆ పద్దే.