బదరీవృక్షము క్రింద ఏలీయా

ధ్యానభాగము: 1 రాజులు 19:1–9



కర్మెలు పర్వతముమీద 450 మంది బయలు ప్రవక్తల యెదుట ఒంటరిగా నిలిచినవాడు ఏలీయా. అట్టివాడు యెజెబెలు పంపిన ఒక్క కబురు విని, ప్రాణము అరచేత పట్టుకొని బెయేర్షెబాకు పారిపోయెను. అరణ్యములో ఒక దినప్రయాణము చేసి, చెట్టు క్రింద కూలబడి చావు కోరుకొనెను. విశ్వాసము లేకనా? మేమట్లు తలంచుట లేదు.

దేవుడు మన దేహమును నిర్మించిన రీతిని కొంచెము చూతము. రాత్రివేళ చేనికి నీరు కట్టబోయిన మనిషి గట్టుమీద త్రాచును చూచెననుకొనుడి. అది త్రాచని మనస్సు చెప్పకముందే కాళ్లు వెనుకకు గెంతును. మూత్రపిండములపైన టోపీలవలె నుండు రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె దడదడ కొట్టుకొనును. ఊపిరి వేగమగును. కాలేయము తాను దాచిన చక్కెరను వదలును. కడుపునకును చర్మమునకును పోవు రక్తము కండలకు మరలును. నోరెండుట, చేతులు చల్లబడుట, ఆకలి చచ్చుట ఇందువలననే. పోరాడుటకో పారిపోవుటకో దేహము చేసికొను ఈ సిద్ధపాటును గూర్చి అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో గ్రంథము వ్రాసెను. పాము పోయిన పిమ్మట అరగంటకో గంటకో అన్నియు సద్దుమణుగును. ఇది మేలే. ఇది లేనియెడల మనలో పలువురము బ్రదికియుండము.

అయితే అప్పులవాని కేకయు, ఇంటిలోని కలహమును పామువలె తొలగిపోవు. భయము నెలలకొలది నిలిచినప్పుడు నిద్ర చెడును, రక్తపోటు పెరుగును, మధుమేహము గలవారికి చక్కెర అదుపు తప్పును. ఒక్కొక్కప్పుడు ఆకస్మిక దుఃఖమే గుండెను కొట్టును. 1990లో జపాను వైద్యులు ఇట్టి జబ్బును మొదట వర్ణించిరి. ఆక్టోపసును పట్టు కుండ ఆకారముగా గుండె ఉబ్బుటచేత దానికి టకోట్సుబో అని పేరిడిరి. చాలమంది కొన్ని వారములలో కోలుకొందురు. కాని అది గుండెపోటో ఈ జబ్బో ఇంటియొద్ద ఎవరును చెప్పజాలరు. కాబట్టి రొమ్మునొప్పితో చెమటలు పట్టిన మనిషిని, బెదిరినాడులే అని పండుకొనబెట్టి చుట్టూ కూర్చుండవద్దు. 108కి ఫోను చేయుడి. ప్రార్థన బండిలోనైనను చేయవచ్చును.

మరల చెట్టు క్రిందికి వత్తము. దూత ప్రసంగము చేయలేదు. నిద్రించుచున్న ఏలీయాను తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెను, నీళ్ల బుడ్డిని చూపెను. ఏలీయా తిని, త్రాగి, తిరిగి పండుకొనెను. దూత కోపపడలేదు, రెండవమారు వచ్చి మరల తినుమనెను.

సంఘములలో ఈ వరుస తారుమారగుచున్నది. కొడుకును పోగొట్టుకొనిన తల్లి మెతుకు ముట్టి రెండు దినములైనదని కనుగొనకమునుపే, కొందరు ఆమెకు విశ్వాసమును గూర్చి చెప్పనారంభింతురు. వాక్యము ఆమెకు అక్కరలేదనుట కాదు. వణకుచున్న దేహములో చెవులు సరిగా వినవు. ముందు ఒకరు గంజి కాచుడి. ఒకరు ఆమె చిన్నపిల్లలను రాత్రికి తమ యింట ఉంచుకొనుడి. ఆమెకు కునుకు పట్టువరకు ఒకరు ప్రక్కన ఊరకే కూర్చుండుడి.

హోరేబునకు 40 దినముల నడక ఏలీయాకు ఇంకను ముందున్నది. నీకిక్కడ ఏమి పని అని ప్రభువు అతని నడిగినది ఆ నడక ముగిసి, అతడు గుహలో బస చేసిన తరువాతనే.