గూస్ క్రీక్ ఒడ్డున

వర్జీనియా రాష్ట్రమందలి ఆష్‌బర్న్‌లో పెరుగుచున్న మన తెలుగు పిల్లలలో, గోదావరి యెక్కడ పుట్టినదని అడిగినచో త్ర్యంబకమని తడుముకొనక చెప్పువారు కొందరుందురు. కాని తమ వాకిట పడిన వాననీరు వీధికాలువలో దిగి యెటు పోవునో యెఱిగినవారు అరుదు. ఆ నీరు ఏ శుద్ధికేంద్రమునకును పోక, బ్రాడ్ రన్ వంటి వాగులలో కలసి, పొటోమాక్ నదిని చేరి, వాషింగ్టన్ నగరమును ఒరసికొని సాగి, చెసపీక్ అఖాతమున లీనమగుచున్నది. పచ్చికపై మనము చల్లిన ఎరువు, కారు కడిగిన సబ్బునీరు, మంచు కరుగుటకై శీతకాలమున వెదజల్లిన ఉప్పు, అన్నియు ఆ త్రోవనే పోవును. ఆ పొటోమాక్ జలమే మన ప్రాంతపు కుళాయిలకును వచ్చుచున్నది.

ఊరికి పడమర గూస్ క్రీక్ అను వాగు కలదు. 1976లో రాష్ట్రము దానిని రమణీయనదిగా గుర్తించినది. లోతులేని చోట, పెద్దల చేయి పట్టుకొని, పిల్లవాడొక ఱాతిని మెల్లగా తిరగవేసినచో, అడుగున అంటిపెట్టుకొనియున్న మేఫ్లై పిల్లపురుగులు కనబడవచ్చును. కలుషితజలమున సాధారణముగా బ్రతుకజాలని ఆ సుకుమారప్రాణులు నీటి నిర్మలత్వమునకు ఒక మంచి సూచన. బాలుర విజ్ఞానశిక్షణ ఇచ్చటనే ఆరంభము కావలెనని నా దృఢవిశ్వాసము.

వేసవిలో ఆంధ్రదేశమునుండి అమ్మమ్మలు, తాతయ్యలు వత్తురు గదా! వరద తీసిన యొక ఆదివారము వారినికూడ ఆ ఒడ్డునకు తోడ్కొనిపొండు. తమ యూరి చెఱువు, కాలువల ముచ్చట్లు వారిచేత చెప్పింపుడు. తిప్పిన ఱాతిని మరల యథాస్థానమున ఉంచుట పిల్లలకు నేర్పుడు.